భూమి మీది నీరు నిజంగా తగ్గిపోతున్నదా?

ప్రశ్న (విజయవాడ): వేసవిలో ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణ ఇసుక తిన్నెలుగా కనిపించినప్పుడల్లా, ఆవిరైన నీటిలో కొంత అంతరిక్షంలోకి పోయి భూమి క్రమంగా ఎండిపోతున్నదేమోనన్న సందేహం కలుగుతున్నది. తెలిసినవారు వివరించగలరు.

సుధాకర్ (గుంటూరు): పోతున్నది, కానీ అత్యల్పంగా. పైకి లేచిన ఆవిరి దాదాపు అంతా సుమారు 10 నుంచి 17 కిలోమీటర్ల ఎత్తులోని అతిశీతల పొరను దాటకముందే ఘనీభవించి వానగానో మంచుగానో దిగివస్తుంది. దాటిన కొద్దిపాటి ఆవిరిని అతినీలలోహిత కిరణాలు విడగొట్టగా, తేలికైన హైడ్రోజన్ సెకనుకు సుమారు 3 కిలోల చొప్పున అంతరిక్షంలోకి జారిపోతుంది. నీటిగా లెక్కిస్తే అది సెకనుకు 27 లీటర్లే. సముద్రాల్లో సుమారు 130 కోట్ల ఘన కిలోమీటర్ల నీరున్నది.

వాణి (విజయవాడ): సుధాకర్ గారి వివరణకు ఒక చేర్పు. ఆవిరి గాలిలో సగటున 9 రోజులే నిలుస్తుంది; లోతైన భూగర్భజలం తిరిగి నిండటానికి మాత్రం వేల ఏళ్లు పట్టవచ్చు. బోర్లతో తోడిన నీరు మాయం కాదు, చాలావరకు చివరికి సముద్రంలో కలిసి ఉప్పునీరవుతుంది. కాబట్టి బోరు ఎండితే నేరం అంతరిక్షానిది కాదు (మా అపార్ట్‌మెంటు సమావేశంలో ఈ మాట ఎవరూ ఒప్పుకోరు).

ప్రశ్నించినవారు: మరి శుక్రగ్రహం ఎలా ఎండిపోయింది?

సుధాకర్: అక్కడి అధిక వేడి వల్ల ఆవిరి పై పొరల దాకా చేరి విడిపోయిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.