సమస్యాపూరణం: "పాము గఱవ మంత్రవాది మురిసె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. పాము కరిస్తే ఊరంతా గుండెలు బాదుకుంటుంది, మంత్రగాడేమో మురిసిపోయాడు. ఎందుకో మూడు పాదాల్లో చెప్పాలి. యతి పా, వాల మధ్య. "కఱవ" అనకూడదా అని అప్పుడే ఇద్దరు అడిగారు. ప్రథమ మీది పరుషాలకు గసడదవలు వస్తాయి కాబట్టి "గఱవ". ఇక కానివ్వండి.

విశ్రాంత తెలుగు మాస్టారు:

పందె మనుచు మఱ్ఱి పాదపంబునుఁ గాటు
వైచెఁ దక్షకుండు, భస్మమయ్యెఁ;
దరువు నిలుపు విద్య దాఁ జూపు తఱి యని
పాము గఱవ మంత్రవాది మురిసె.

నిర్వాహకుడు: మాస్టారూ, కరిపించడానికి మనిషి కాక చెట్టు దొరకడమే ఈ పూరణకు ప్రాణం. ఆదిపర్వం కథ తెలిసినవాళ్ళకు వెంటనే పట్టుబడుతుంది. తెలియనివాళ్ళకు మాత్రం చిక్కే: మురిసినవాడి పేరు పద్యంలో ఎక్కడా లేదు.

విశ్రాంత తెలుగు మాస్టారు: తక్షకుడున్నాడుగా నాయనా, కాశ్యపుణ్ణి వాడే లాక్కొస్తాడు. పరీక్షిత్తును బతికించి ధనం తెచ్చుకుందామని బయల్దేరిన విషవైద్యుడాయన. దారిలో తక్షకుడు మర్రిని కాల్చి సవాలు విసిరితే, ఆ మర్రినీ, ఎండుపుల్లల కోసం దాని మీదికెక్కి కాలిపోయిన మనిషినీ కూడా లేపాడు.

కడప సభ్యురాలు: ఆ తర్వాతే కదండీ అసలు కాటు! రాజు ఇచ్చేదానికన్నా ఎక్కువ నేనిస్తానని తక్షకుడు అనగానే, రాజుకు ఆయువు తీరిందని దివ్యదృష్టితో చూసుకుని ఆయన వెనుదిరిగాడు. చెట్టు దగ్గర మురిసినవాడు రాజు దగ్గర లేకుండా పోయాడు. ఆ మలుపు మీద రెండో పద్యం రాయండి మాస్టారూ.

నెల్లూరు సభ్యుడు: నాది కొంచెం కొంటె పూరణ.

కోఱలందు విషము కొంచె మెఱుఁగనట్టి
నీరుకట్టె యనుచు నిజము దెలిసి
కాసు లిపుడు రాలుఁ గద నాకు ననుకొని
పాము గఱవ మంత్రవాది మురిసె.

నిర్వాహకుడు: మంత్రాలకు చింతకాయలు రాలవు గానీ కాసులు రాలతాయన్నమాట! "రాలు" భలే పడింది.

జంతుశాస్త్రం చెప్పే సభ్యుడు: పద్యం బాగుంది అన్నయ్యా, కానీ నీరుకట్టెకు విషపు కోరలే ఉండవు. లేని కోరల్లో విషం లేదనడం ఎందుకు? మొదటి పాదాన్ని ఇలా మార్చి చూడండి:

కోఱ యొకటి లేని కొలఁకులోఁ దిరిగెడి

మీ ఊహ మాత్రం నిజమే. మన దగ్గర ప్రాణాలు తీసేవి ముఖ్యంగా నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. చుట్టూ తిరిగే పాముల్లో చాలావాటికి మనిషిని చంపే విషమే లేదు. విషసర్పం కూడా ఒక్కోసారి విషం దించకుండానే కరిచి వదిలేస్తుంది. అలా బతికినవాళ్ళందరూ మంత్రగాడి ఖాతాలోకే పోతారు. కట్లపాము దగ్గరే లెక్క తప్పుతుంది. రాత్రి నిద్రలో కరుస్తుంది, నొప్పీ వాపూ పెద్దగా ఉండవు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి ఊపిరి అందదు. దానికి ఆసుపత్రిలో ఇచ్చే విషం విరుగుడు సూదే గతి.

కడప సభ్యురాలు: నాకు మూడో పాదంతో పేచీ. మా తాతగారి ఊళ్ళో పాము మంత్రం వేసే ఆయన పైసా ముట్టుకునేవాడు కాదు. తీసుకుంటే మంత్రం పారదని నమ్మకం. గ్రహణం నాడు మొలలోతు నీళ్ళలో నిలబడి జపం చేసుకునేవాడు, అలా చేయకపోతే మంత్రం పోతుందని. మంత్రం పనిచేసిందో లేదో నాకు తెలియదు, అర్ధరాత్రి తలుపు తడితే లేచి వచ్చేవాడని మాత్రం తెలుసు. అలాంటివాణ్ణి కాసులకు కట్టేస్తే మనసొప్పడం లేదు. ఇలా అంటే?

పేరు మ్రోగు నాకుఁ బెక్కూళ్ళ నిఁక నని

నెల్లూరు సభ్యుడు: కోర సవరణకు తల వంచాను. కాసులు మాత్రం వదలనమ్మా. మీ తాతగారి ఊరాయన వేరు, నా పద్యంలోవాడు వేరు. మా సంతలో తాయెత్తులమ్మేవాణ్ణి చూసి రాశాను.

నిర్వాహకుడు: పేరుకైనా కాసుకైనా మురియవచ్చు, రెండు పాఠాలూ ఉంచుదాం.

కొత్త సభ్యుడు: గురువుగారూ, నాకిది మొదటి ఆటవెలది. తప్పులుంటే తిట్టకండి.

పాళి యాటలోనఁ బై మెట్టు దాఁటిన
మనుమరాలి కాయ చివరి గడిని
తాత గెలుచు టింకఁ దథ్యమ్ము లెమ్మని
పాము గఱవ మంత్రవాది మురిసె.

నిర్వాహకుడు: తిట్టడమా! ఈ వారం నాకు బాగా నచ్చింది ఇదే. పాము వైకుంఠపాళి పటంలోది, కరిచింది కాయను. మంత్రగాడికీ మనుమరాలుంటుందనీ, ఆమెతో ఆటకు కూర్చుంటాడనీ మాలో ఎవరికీ తట్టలేదు. ఇక తప్పులు. రెండో పాదంలో యతి లేదు, "మ"కు "చి" కుదరదు. "మలుపు నందు" అంటే సరిపోతుంది. "పాళి" అంటే కలం పాళీ అనుకునే ప్రమాదముంది. మొదటి రెండు పాదాలు ఇలా దిద్దుకోండి:

పరమపదము నాడఁ బై మెట్టు దాఁటిన
మనుమరాలి కాయ మలుపు నందు

విశ్రాంత తెలుగు మాస్టారు: అబ్బాయీ, మనుమరాల్ని ఓడించి మురిసే తాతను నేనింతవరకు చూడలేదు. పద్యానికి మాత్రం నూటికి నూరు.

కొత్త సభ్యుడు: మా తాత అలాంటివాడేనండీ!

నిర్వాహకుడు: వచ్చే వారం దిష్టి తీసేవాళ్ళ వంతు. సమస్య, మళ్ళీ ఆటవెలదిలోనే: "మిరపకాయ కంట మేలు సేసె".