అమ్మ నడుము కింద ఎర్ర మచ్చ. "వేడి చేసింది" అంటున్నారు, నమ్మొచ్చా?

కృష్ణలంక అమ్మాయి:

అందరికీ నమస్కారం. మా అమ్మకు 79. నిరుడు సంక్రాంతి ముందు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది కానీ మళ్లీ లేచి నడవలేదు. నేను బెంగళూరులో, తమ్ముడు డల్లాస్‌లో. మే నుంచి హైదరాబాద్ శివార్లలో ఒక ఓల్డేజ్ హోమ్‌లో ఉంచాం. నర్సింగ్ కేర్‌తో కలిపి నెలకు 42 వేలు. మందులు, డైపర్లు మనవే.

ఎప్పుడూ ఫోన్ చేసి వెళ్లేదాన్ని. వెళ్లేసరికి అమ్మకు తల దువ్వి, బొట్టు పెట్టి కుర్చీలో కూర్చోబెట్టేవాళ్లు. మొన్న ఆదివారం చెప్పకుండా వెళ్లాను. మధ్యాహ్నం మూడున్నర. వెల్లకిలా పడుకుని ఉంది, డైపర్ తడిసి బరువెక్కిపోయింది. మార్చేటప్పుడు నేనూ ఓ చెయ్యి వేశాను. నడుము కింద, సరిగ్గా వెన్ను చివర, రూపాయి బిళ్లంత ఎర్ర మచ్చ. ఆయాని అడిగితే "వేడి చేసిందమ్మా, పౌడర్ రాస్తున్నాంగా" అంది.

మంచం పక్కన గోడకి చార్టు ఉంది, రెండు గంటలకోసారి పక్కకు తిప్పినట్టు. రాత్రి 10, 12, 2, 4 అన్నిటికీ ఒకటే పెన్ను, ఒకటే సంతకం. సరే అనుకున్నా. కిందికి చూస్తే సాయంత్రం ఆరు గడిలో కూడా టిక్ పడి ఉంది. అప్పటికి టైమ్ మూడున్నరే!

మచ్చ నిజంగా వేడి వల్లేనా? గట్టిగా అడగాలంటే, నేను బస్సెక్కాక ఆ కోపం అమ్మ మీద చూపిస్తారేమోనని భయం. అమ్మను అడిగితే "అందరూ బాగానే చూస్తారే" అంటుంది. ఆవిడ మా ఇంట్లోనూ అదే అనేది.

రిటైర్డ్ సిస్టర్, గుంటూరు:

అమ్మా, వేడి కాదు. ముప్పై ఒక్క ఏళ్లు సర్కారు ఆసుపత్రిలో చేశాను, చివరి తొమ్మిదేళ్లు ఎముకల వార్డే. అది పడక పుండుకి మొదలు.

ఆ మచ్చ మీద వేలితో కాసేపు నొక్కి తీయండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా కాస్త టైమ్ ఉన్నట్టు. తెల్లబడకుండా అలాగే ఉంటే మొదటి దశ వచ్చేసినట్టే, డాక్టర్‌కి చూపించాలి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తెలియదు, చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కన్నా అక్కడ వేడిగానో, గట్టిగానో తగులుతుంది. మడమలు చూశారా? తుంటి ఆపరేషన్ అయినవాళ్లకి అక్కడ కూడా తరచుగా వస్తుంది, సాక్స్ వేసి ఉంటే ఎవరికీ కనపడదు.

పౌడర్ మాన్పించండి. స్పిరిట్ పెట్టి రుద్దడం, కింద గాలి రింగు పెట్టడం, ఇవన్నీ మా కాలంలో మేమూ చేశాం. తప్పని తర్వాత తెలిసింది. రింగు చుట్టూ ఒత్తి మధ్యలోకి రక్తం రానివ్వదు. ఎర్రబడ్డ చోట అసలు రుద్దకూడదు. ఎయిర్ బెడ్ పెట్టించండి, కానీ అది పెట్టామని తిప్పడం మానేస్తారు, అక్కడ కనిపెట్టుకుని ఉండాలి. పూర్తి పక్కకి కాదు, వీపు వెనక దిండు పెట్టి కొంచెం వాలుగా చాలు. తుంటి ఆపరేషన్ అయింది కాబట్టి ఏ పక్కకి, ఎంత తిప్పొచ్చో సర్జన్‌ని ఒక్క మాట అడగండి. తల వైపు ఎత్తు అన్నం పెట్టేటప్పుడూ, తిన్నాక ఓ అరగంటా. రోజంతా ఎత్తి ఉంచితే ఒళ్లు కిందికి జారి చర్మం రాసుకుంటుంది.

ఇంకోటి. పగలు కూడా మగతగా ఉంటోందా? రాత్రి మందుల్లో నిద్ర మాత్ర ఏదైనా కలిసిందేమో చీటీతో సహా చూడండి. నిద్రపోయేవాళ్లు పిలవరు, పక్కకి తిరగరు.

హనుమకొండ శీను:

మేడమ్, మా నాన్న రెండేళ్లు ఒక హోమ్‌లో ఉన్నాడు. ఒకసారి రాత్రి పదకొండింటికి వెళ్లి గేటు కొట్టిన. తియ్యడానికే ఇరవై నిమిషాలు. పై అంతస్తుకి ఒక్కటే అమ్మాయి, ఒడిశా నుంచి వచ్చింది, తెలుగు రాదు. నాన్న "మంచినీళ్లు" అంటే దుప్పటి కప్పుతోంది పాపం. ఆ పిల్లను ఏమని అనాలి? తర్వాత నేనే పదిహేను మాటలు ఒడియా లిపిలో రాయించి గోడకి అంటించిన.

మీకు తెలిసే ఉంటది, మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆసుపత్రి. మీ అమ్మగారున్నది హాస్టలా, ఆసుపత్రా అంటే చాలాసార్లు వాళ్లకే తెలియదు. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ గురించిన 2007 చట్టం చదివిన. పిల్లలు తల్లిదండ్రుల్ని పోషించాలని, జిల్లాకో హోమ్‌లో కనీసం 150 మంది పేద వృద్ధులకు చోటుండాలని ఉంది. డబ్బు కట్టే హోమ్‌లో రాత్రి ఎంతమంది ఉండాలో మాత్రం నాకు అందులో కనపడలే. సలహా కావాలంటే వృద్ధుల హెల్ప్‌లైన్ ఉంది, ఎల్డర్ లైన్ 14567, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా. కాల్ ఫ్రీ.

నైట్ డ్యూటీ:

నేను హోమ్‌లో ఆయాగా చేశాను, ఇప్పుడు మానేశాను. సాయంత్రం గడిలో టిక్ ఎందుకుందంటే, చార్టు ఖాళీగా ఉంటే మాకు జీతంలో కోత. అందుకే డ్యూటీ ఎక్కగానే అన్నీ కొట్టేసేవాళ్లం. నాకు పద్నాలుగు మంది. ఒకరిని తిప్పి, తడి చూసి, బట్ట సర్దాలంటే పది నిమిషాలు. పద్నాలుగు పదులు నూట నలభై. రెండు గంటలంటే నూట ఇరవై. మరి ఎలా అవుతుందక్కా? బరువున్న వాళ్లకి ఇద్దరం కావాలి, రెండో మనిషి ఉండదు.

ఆయా మీద అరవకండి. రాత్రి ఎంతమందికి ఎంతమంది అని మేనేజర్‌ని అడగండి, కాగితం మీద రాసిమ్మనండి.

కృష్ణలంక అమ్మాయి:

అందరికీ థాంక్స్. శనివారం మళ్లీ వెళ్లాను. నొక్కితే తెల్లబడలేదు. ఎడమ మడమ మీద కూడా ఒకటి మొదలైంది, సాక్స్ కిందే. బయటి డాక్టర్ని తీసుకెళ్లి చూపించాను, చర్మం పగలలేదు కాబట్టి తగ్గుతుందన్నారు. తిప్పే పద్ధతి ఆయనే ఆయాకి చూపించారు. ఎయిర్ బెడ్ కొన్నాం. నిద్ర మాత్ర ఉంది సిస్టర్ గారూ, "రాత్రిళ్లు పిలుస్తోందని" వేశారట. డాక్టర్ ఆపేయమన్నారు.

మేనేజర్‌ని రాత్రి లెక్క అడిగాను. "సరిపడా ఉన్నారండీ" అన్నాడు. కాగితం మీద రాసిమ్మంటే వారం టైమ్ అడిగాడు. ఆ వారం లోపు నేనూ ఇంకో రెండు హోమ్‌లు చూసొస్తాను, రాత్రి పూట.

నిన్న తొమ్మిదింటికి వీడియో కాల్ చేస్తే అమ్మ అటు పక్కకి తిరిగి ఉంది. వీపు, వెనక దిండు మాత్రమే కనపడ్డాయి. ఆయా "ఇటు తిప్పమంటారా అమ్మా, ముఖం చూస్తారా?" అంది. వద్దులే, పదకొండింటికి మళ్లీ చేస్తానన్నాను.