మిర్చి ఆకుల ముడత: తామర పురుగా, నల్లియా, వైరసా?

అందరికీ నమస్కారం. హనుమకొండలో మా మేడ మీద కుండీల్లో పెంచుతున్న చపాటా మిర్చి మొక్కల విషయంలో అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను. పూత దశ వరకు అవి ఏపుగానే పెరిగాయి.

ఇప్పుడు చాలా మొక్కల్లో చిగురాకులు అంచుల నుంచి పైకి ముడుచుకుని దోనెల్లా మారగా, గోడవారన ఉన్న మొక్కలో మాత్రం ఆకులు కిందికి వంగి, కాడలు సాగి, ముదురు ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. పైముడతకు తామర పురుగులు, కిందిముడతకు తెల్లనల్లి (ఆకుల రసం పీల్చే, కంటికి సరిగా కనిపించని చిన్న పురుగు) కారణమని మా వైపు మిర్చి రైతులు చెబుతారు. తెల్ల కాగితం మీద పూలను దులిపితే సన్నని నల్లటి పురుగులు కదలాడాయి కనుక, 2021లో మన ప్రాంతపు తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగే ఇదని అనుమానిస్తున్నాను.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మరొక మొక్క. దాని ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి, వాటి మధ్య భాగం పసుపెక్కి, కణుపులు దగ్గరై గుబురుగా మారింది. ఆకుల అడుగున తెల్లదోమ కూడా ఉంది. ఈ తెగులు తెల్లదోమ ద్వారా వ్యాపించే జెమినీ వైరస్ (ఆకుముడత వైరస్) అయితే మందు లేదని తెలుసు. అయినా కాయలు పట్టిన మొక్క కనుక, పీకివేసే ముందు దీనిని నల్లి నష్టం నుంచి కచ్చితంగా వేరు చేసే గుర్తులేమైనా ఉంటే దయచేసి చెప్పండి.

ప్రస్తుతం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేస్తున్నాను. నల్లికి నీటిలో కరిగే గంధకం వాడాలంటే, నూనె చల్లిన ఆకులు మాడిపోకుండా మధ్యలో ఎన్ని రోజులు ఆగాలి?