ఊటీలో మంచు తెల్లగా ఉంటే ఫోటోలో బూడిద రంగు వస్తోంది, నేనెక్కడ తప్పు చేశాను?

కేఆర్‌పురం_క్లిక్స్:
అందరికీ నమస్తే. మాది నరసరావుపేట, ఉద్యోగం బెంగళూరులో. కెమెరా కొని 8 నెలలైంది, చిన్న మిర్రర్‌లెస్, కిట్ లెన్స్, దాంతోపాటు సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 55-250 జూమ్ లెన్స్ ఒకటి. మొన్న వీకెండ్ గడ్డి మీద గడ్డకట్టిన మంచు ఫోటోలు తీద్దామని ముగ్గురు రూమ్మేట్స్‌ని బతిమాలి ఊటీ బయల్దేరదీశా. శుక్రవారం రాత్రి పదకొండున్నరకి ఎక్కితే అయిదింటికల్లా అక్కడ ఉంటాం, సూర్యోదయం పట్టేస్తాం అనుకున్నా. గుండ్లుపేట దాటాక బందీపూర్ చెక్‌పోస్ట్ దగ్గర ఆపేశారు, ఆరింటి దాకా గేటు తియ్యరంట! మూడు గంటలు లారీల వెనకాల కార్లో పడుకున్నాం, అందులో ఒకడి గురకకి మిగతా ముగ్గురికీ నిద్ర లేదు. గూడలూరు మీదుగా పైకి చేరేసరికి తొమ్మిదిన్నర. అన్నిటికంటే ఎత్తు దొడ్డబెట్ట కదా, మంచు అక్కడే ఎక్కువ ఉంటుందని నేరుగా అక్కడికి పోయాం, ఒక్క చుక్క లేదు. కింద టీ కొట్టాయన్ని అడిగితే నవ్వి "ఉరైపనియా, ఏళు మణికే పోచ్చు" అన్నాడు. ఉరైపని అంటే తమిళంలో గడ్డకట్టే మంచు, ఏడింటికే పోయిందంట.

మర్నాడు ఆరున్నరకి లేచి లాడ్జి వెనక మైదానంలో కొంచెం దొరికింది. కంటికి ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది, ఫోటోలో చూస్తే సిమెంటు రంగు, కొన్నయితే మొత్తం నీలం. చేతులు కొంకర్లు పోతుంటే కార్లోకెళ్ళి హీటర్ వేశా, రెండు నిమిషాల్లో లెన్స్ అంతా ఆవిరి పట్టేసింది, చొక్కాతో తుడిస్తే ఇంకా పాడైంది. సంక్రాంతికి ఊరెళ్ళాలి, వెళ్ళకపోతే అమ్మ ఊరుకోదు, కాబట్టి జనవరి నెలాఖర్లో మళ్ళీ పోదామనుకుంటున్నా. ఈసారి ఎక్కడికి పోవాలి, కెమెరాలో ఏం మార్చాలి, కాస్త చెప్పండి. రూమ్మేట్స్ మాత్రం ఇంక రామన్నారు.

ఇందిరానగర్_ట్రైపాడ్:
బ్రో నీ రూమ్మేట్స్ తప్పేం లేదు 😄 బందీపూర్‌లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లు వదలరు, ఏళ్ళ నుంచీ అంతే, జంతువుల కోసం. అంటే బెంగళూరు నుంచి రాత్రికి రాత్రి డ్రైవ్ చేసి ఆ రూట్లో ఊటీ సూర్యోదయం పట్టడం ఎవరి వల్లా కాదు. ముందు రోజు పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి పైన ఉండాలి, అదొక్కటే దారి. నీలగిరి జిల్లాలోకి బండి వెళ్ళడానికి ఈ-పాస్ కూడా ముందే తీసుకో, 2024 మే నుంచి అడుగుతున్నారు. ఇంకోటి, అడవి లోపల బండి ఆపి దిగి జింకల్ని తియ్యాలని చూడొద్దు, ఫైన్ వేస్తారు, ఆ తిట్లు వినేకన్నా కట్టెయ్యడమే నయం.

ఇక అసలు సంగతి. మంచు కోసం పైకి పోయావు, అదే పొరపాటు. పొగమంచయినా, హిమాలయాల మంచయినా, గడ్డి మీద గడ్డకట్టేదైనా మనకి అన్నీ 'మంచే', అందుకే ఈ తికమక. ఊటీలో పడేది స్నో కాదు. ఆకాశంలో మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది, నేలని ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి నీళ్ళలాగే పల్లానికి జారుతుంది. అందుకని గుంటలా ఉన్న మైదానాల్లో పేరుకుంటుంది, శిఖరం మీద కాదు. దొడ్డబెట్ట 2,637 మీటర్లు, నిజమే, కానీ నీకు కావాల్సింది దానికంటే బాగా కిందున్న తలైకుంద వైపు పచ్చిక మైదానాలు, కామరాజ్ సాగర్ డ్యామ్ చుట్టుపక్కల. మసినగుడి మీదుగా 36 మలుపులెక్కి వచ్చినా, గూడలూరు మీదుగా వచ్చినా రెండు రోడ్లూ తలైకుందలోనే కలుస్తాయి. నువ్వు దాని మీంచే పోయావు, ఆగకుండా!

ఫోన్లో టెంపరేచర్ 3 చూపించినా వదిలెయ్యకు. అది మనిషి ఎత్తున ఉన్న గాలి లెక్క, గడ్డి దగ్గర ఇంకా తక్కువ ఉంటుంది. రాత్రి పడుకునే ముందు బయటికెళ్ళి చూడు, చుక్కలు బాగా కనపడి చెట్టు ఆకు కదలట్లేదంటే అలారం పెట్టుకో. మబ్బుగా ఉంటే హాయిగా పడుకో.

హిందూపురం_అక్క:
పై ఆయన చోటు చెప్పారు కాబట్టి నేను బూడిద రంగు సంగతి చెప్తా. నీ కెమెరాకి తెలుపూ తెలీదు నలుపూ తెలీదు నాయనా, ఎదురుగా ఏమున్నా మధ్యరకం బూడిదకి లాగుతుంది. ఫ్రేమంతా తెల్లగా ఉంటే "అబ్బో వెలుతురెక్కువైంది" అనుకుని తగ్గించేస్తుంది. నువ్వే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే ఫోటో వెలుతురు పెంచే తగ్గించే సెట్టింగ్, ప్లస్ 1కి పెట్టు, అవసరమైతే ప్లస్ 1.7 దాకా పో, హిస్టోగ్రామ్, అంటే వెలుతురు గ్రాఫ్, కుడి గోడకి దగ్గరగా రావాలి గానీ గుద్దుకోకూడదు. స్క్రీన్ చూసి నమ్మొద్దు, చీకట్లో స్క్రీన్ ఎప్పుడూ వెలిగిపోతూనే కనిపిస్తుంది. రా (RAW) ఫైల్‌గా తియ్యి, తర్వాత కంప్యూటర్లో సర్దుకోవచ్చు.

నీలం విషయానికొస్తే అది నిజంగానే నీలం, ఎండ రాకముందు నీడలోని మంచు మీద పడేది ఆకాశం వెలుతురే కదా. మన కన్ను సర్దుకుంటుంది, కెమెరా సర్దుకోదు. వైట్ బ్యాలెన్స్ (రంగులు సర్దే సెట్టింగ్) ఆటోలో వదలకుండా డేలైట్‌లో పెట్టి చూడు. నేనైతే నీలం మొత్తం తీసెయ్యను. ఓ పక్క నీలం నీడ, ఓ పక్క అప్పుడే ఎండ తగిలి పసుపెక్కిన గడ్డి, ఆ రెండూ ఒకే ఫ్రేములో ఉండేది పదిహేను ఇరవై నిమిషాలే, దాని కోసమే చలికి చచ్చేది. జనవరిలో అక్కడ ఆరూ నలభై ప్రాంతంలో తెల్లారుతుంది, నువ్వు ఆరింటికే చోటు చూసుకుని నిలబడాలి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోకు, ఎదురుగా పెట్టుకో, అప్పుడే ఒక్కో గడ్డిపోచా మెరుస్తుంది. బోర్లా పడుకోవాల్సి వస్తుంది, పాత గోనెసంచి ఒకటి డిక్కీలో పడెయ్యి.

వాలు మీద తేయాకు తోటలుంటే నీ 55-250 బయటికి తియ్యి, కొండ వెనక కొండ దగ్గరికొచ్చినట్టు పొరలు పొరలుగా వస్తాయి. కొత్తవాళ్ళు కొండ అనగానే వైడ్ లెన్స్ పెడతారు, కొండ కాస్తా పుట్టైపోతుంది.

ఇంకోమాట, సంబంధం లేదనుకో. తలైకుంద దగ్గరున్న ఇందు నగర్‌కి ఆ పేరు 'ఇందు' అనే ఫిల్మ్ రోలు నుంచే. 1960లో పెట్టిన హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ (హెచ్‌పీఎఫ్) కంపెనీ ఫ్యాక్టరీ అక్కడే ఉండేది, ఇప్పుడు మూతపడింది. మా నాన్న స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటోలన్నీ ఇందు బ్లాక్ అండ్ వైట్ మీదే తీసేవాళ్ళు. అక్కడి వాళ్ళు ఇప్పటికీ ఆ ఏరియాని హెచ్‌పీఎఫ్ అనే అంటారు, మంచు బాగా పడే చోట్లలో అదీ ఒకటి.

వైజాగ్_వాసు:
ఇంత గొడవెందుకండి, గేట్లూ పాసులూ, మా వంజంగి రండి, పాడేరు పక్కనే, పొద్దున్నే కాళ్ళ కింద మేఘాల సముద్రం. లంబసింగి ఎలాగూ ఉంది. ఊటీని సినిమావాళ్ళు ఎప్పుడో అరగదీసేశారు.

ఇందిరానగర్_ట్రైపాడ్:
వాసు గారూ మీ వంజంగి బంగారం, కాదన్నవాడు లేడు, కానీ బెంగళూరు నుంచి వీకెండ్‌లో కార్లో వెళ్ళి రావాలంటే సోమవారం ఆఫీసు స్టాండప్ మీటింగ్ రోడ్డు మీదే అటెండ్ అవ్వాలి. పైగా అది మేఘం, ఈయన అడిగేది గడ్డకట్టింది.

బొమ్మనహళ్ళి_బండోడు:
లెన్స్ ఆవిరి గురించి ఎవరూ చెప్పలేదు. చల్లటి సీసా ఫ్రిజ్‌లోంచి తీస్తే చెమట పట్టదా, అదే ఇది. బయటినుంచి లోపలికి వచ్చే ముందే, చలిలోనే, కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసెయ్యి, ఆ నీళ్ళు కవర్ మీద పడతాయి. అరగంటో ముప్పావుగంటో తెరవకు. మెమరీ కార్డు కావాలంటే ముందే తీసేసుకో. స్పేర్ బ్యాటరీ ప్యాంటు జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి, చలికి చార్జ్ తొందరగా పడిపోతుంది, సున్నా చూపించినా కాసేపు వెచ్చబెడితే మళ్ళీ కొంచెం వస్తుంది.

కారు అద్దం మీద గడ్డకడితే వేడినీళ్ళు మాత్రం పొయ్యొద్దు దండం పెడతా. మా బావ పోశాడు, ఇంతింత పొడవు చీలిక వచ్చింది, ఆ ట్రిప్పంతా మా అక్క ఆయనతో మాట్లాడలేదు. బ్లోయర్ అద్దం మీదకి పెట్టి పది నిమిషాలు ఓపిక పట్టండి.

కేఆర్‌పురం_క్లిక్స్:
వెళ్ళొచ్చాను! సారీ, లేటుగా రాస్తున్నా. రూమ్మేట్స్‌లో గురక పెట్టినోడొక్కడే వచ్చాడు. మొదటి రోజు రాత్రి మబ్బు, అలారం పెట్టుకోలేదు. రెండో రాత్రి చుక్కలు కుమ్మేశాయి, అయిదున్నరకే తలైకుంద దాటి మైదానం పక్కన రోడ్డు దిగి ఆగాం. అక్కా, ప్లస్ 1.3 దగ్గర తెలుపు తెలుపులా వచ్చింది. గోనెసంచి లేక లాడ్జి దుప్పటి పరిచా, తడిసిపోయింది, 200 కట్టించుకున్నారు.

డ్యామ్ నీళ్ళ మీంచి పొగ లేస్తుంటే తీసినవి 140 ఉన్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. నాకు నచ్చింది మాత్రం మా కారు బానెట్‌ది, దాని మీద ఈకల్లా మంచు గడ్డకట్టి, మధ్యలో మావాడు వేలితో 'ఉరై పని' అని రాశాడు, 'మన పని కూడా ఇంతే, ఏడింటికి అయిపోతే ఎంత బావుండు' అంటూ. కరెక్టుగా ఏడూ పదికి అక్షరాలు కారిపోయాయి. ఫోటోలు రేపు పెడతా, రాలో తీశాను కదా, ల్యాప్‌టాప్ మూలుగుతోంది.