పాడ్‌కాస్ట్ బడ్జెట్‌లో మాట్లాడినవాళ్లకు కూలి రాయాలా?

పాలమూరు పిలగాడు:
వలస కూలీల అనుభవాలతో ఎనిమిది ఎపిసోడ్ల పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నాం. చేతిలో ఉన్నది 40,000. మైకులు, రికార్డర్‌కు 12,000. ఎడిటింగ్ ఎపిసోడ్‌కు 2,000 చొప్పున 16,000. మక్తల్, కోస్గి, అచ్చంపేట వైపు తిరగడానికి 4,800. కవర్ బొమ్మకు 2,500. మిగిలేది 4,700. మాట్లాడిన ప్రతి ఒక్కరికీ అందులోంచి 500 ఇవ్వాలని మా జట్టులోని అక్క పట్టుబడుతోంది. ఎపిసోడ్‌కు ఒకరు చొప్పున ఇచ్చినా ఇక మిగిలేది 700. అంతకన్నా, డబ్బులిస్తే మాట మారిపోతుందేమోనని నా భయం. మీరేమంటారు?

గడియారం సెంటర్:
ఇవ్వొద్దు తమ్ముడూ. నేను పేపర్లో పనిచేసినవాణ్ణి. డబ్బు తీసుకున్న మనిషి మనకేం కావాలో కనిపెట్టి అదే చెప్తాడు. లేని కష్టం కూడా కలుపుతాడు. పక్క ఊరికి పోయేసరికి ‘వాళ్లకెంత, మాకెంత’ అని పంచాయితీ. చాయ్ తాగించండి, మంచి ఫొటో తీసి ప్రింట్ వేయించి ఇవ్వండి, చాలు.

మిర్యాలగూడ మేడం:
అన్నా, పేపర్ వార్తకు పది నిమిషాలు చాలు. వీళ్లు అడిగేది పూటంతా. పత్తి ఏరే రోజుల్లో ఒకామెను ఇంట్లో కూర్చోబెట్టి, ఫ్యాన్ ఆపేసి, ‘బండి చప్పుడొచ్చింది, మళ్లీ చెప్పమ్మా’ అంటూ ఉంటే ఆ రోజు ఆమె కూలి పోయినట్టే. ఎడిటింగ్ చేసే అబ్బాయికి 2,000 ఇవ్వడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అసలు మాట్లాడే మనిషి దగ్గరికి వచ్చేసరికే విలువలు గుర్తొస్తాయి!

మాట మారుతుందన్న భయం ఉత్తదేం కాదు. ఏం చెప్పినా, మధ్యలో లేచి వెళ్లిపోయినా, చివరికి ఆ రికార్డింగ్ వాడకపోయినా అంతే ఇస్తామని ముందే చెప్పండి. రికార్డర్ ఆన్ చేయకముందే చేతిలో పెట్టండి. ఇక కష్టాన్ని పెంచి చెప్తే ఆమెకు అదనంగా వచ్చేదేముంది?

సౌండ్ బాబు:
కూలి సంగతి మీరు తేల్చుకోండి. నాకు ఆ 12,000 మీదే అభ్యంతరం. కండెన్సర్ మైకు కొనేలా ఉన్నారు. రేకుల ఇంట్లో అది పెడితే కోడి, కుక్కర్ విజిల్, పక్కింటి టీవీ అన్నీ పడతాయి. కాలర్‌కు పెట్టుకునే మామూలు మైకులు రెండు, మీ ఫోను. మూడు వేలలో అయిపోతుంది. నోటికి దగ్గరగా ఉంటాయి కాబట్టి గది చప్పుడు తగ్గుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీ ఉచితం, స్పాటిఫైలో పెట్టడానికీ పైసా అక్కర్లేదు. రికార్డింగ్ లెవెల్ మాత్రం కాస్త తగ్గించే ఉంచండి. గట్టిగా నవ్వినప్పుడు పగిలిన గొంతును ఏ ఎడిటరూ బాగుచేయలేడు. గంటసేపు మోనోలో, అంటే ఒకే చానెల్‌లో, కుదించని వేవ్ ఫైల్‌గా రికార్డు చేస్తే దాదాపు 320 ఎంబీ అవుతుంది, ఫోన్‌లో ఖాళీ చూసుకుని బయల్దేరండి.

గడియారం సెంటర్:
ఇది బాగుంది. మిగిలిన తొమ్మిది వేలు రెండోసారి పోవాల్సి వస్తే ఖర్చుకని పక్కన పెట్టండి, తప్పకుండా అవసరం పడుతుంది. కూలి మీద మాత్రం నా మాట మారలేదు. సర్పంచునో, కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీనో మాట్లాడిస్తే వాళ్లకూ 500 ఇస్తారా?

మిర్యాలగూడ మేడం:
ఎందుకిస్తారు? పూట పని పోగొట్టుకున్నవాళ్లకే. మేస్త్రీ సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, ఆయన పక్కనుంటే అడ్వాన్సు గురించి ఏ కూలీ నోరు విప్పడు. మాట మారడం గురించి అంత పట్టింపు ఉంటే ముందు ఆయన్ని బయటికి పంపండి అన్నా.

కిన్నెర మెట్టు:
పాట సంగతి మర్చిపోయారు. ఎవరితోనైనా పాడించి, దాన్నే ప్రతి ఎపిసోడ్ మొదట్లో వాడుకుంటే పూట కూలి ఇచ్చి చేతులు దులుపుకోవడం కుదరదు. దానికి వేరే రేటు మాట్లాడి కాగితం రాసుకోండి. సినిమా పాట ముక్క అసలే వద్దు. మన చట్టంలో రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లు ఉంటుంది.

పాలమూరు పిలగాడు:
మైకుల ఖర్చు మూడు వేలకు దించేశాం. మొదటి రెండు ఎపిసోడ్లకు కూలి ముందే ఇచ్చి చూస్తాం, ఆ తర్వాత సంగతి అక్కా నేనూ ఇంకా తేల్చుకోలేదు. ఇప్పుడు టెన్షన్ అంతా మనుషులు దొరకడం మీదే. మేం అనుకున్నవాళ్లలో సగం మంది పుణెలో ఉన్నారు.

గడియారం సెంటర్:
దీపావళి దాటాక కురుమూర్తి జాతరకు చాలామంది ఊళ్లకొస్తారు. అప్పుడు పోతే ఒకే తిరుగుడులో ముగ్గురు నలుగురు దొరుకుతారు, బస్సు ఖర్చు కూడా కలిసొస్తుంది. రికార్డింగ్ మాత్రం జాతరలో పెట్టుకోకండి, లౌడ్‌స్పీకర్ల మోతకు ఏమీ వినపడదు. ఇళ్లకు పోయి కూర్చోండి.