సమస్యాపూరణం: “ప్రాణ ముడిగినపుడె పట్టు హెచ్చు”

నిర్వాహకుడు: పాదం తట్టగానే నవ్వొచ్చింది, పెట్టేశాను. పూరణ కండరాల మీదే ఉండాలి. దయ్యాల పట్టు, అప్పులవాళ్ళ పట్టు ఎంత రంజుగా ఉన్నా లెక్కలోకి రావు.

శల్యపరీక్ష:
ఏటిపీయె వచ్చి యెడఁబాపుఁ దలలను
కండ తీగ నుండి, కరువు పడిన
బిగిసి యట్లె యుండు, విడిపోవ వవి గాన
ప్రాణ ముడిగినపుడె పట్టు హెచ్చు.
(తల మయోసిన్‌ది, తీగ ఆక్టిన్; రెండూ కండలోని ప్రోటీన్లు. ఏటీపీ కణానికి శక్తినిచ్చే అణువు.)

గురులఘువు: బాగుంది శల్యపరీక్ష గారూ. శక్తి ఖర్చంతా పట్టుకోవడానికే అనుకుంటాం. వదలడానికీ ఏటీపీ కావాలన్న కీలకం ‘ఎడఁబాపు’లో పడింది. కాల్షియం ఊసే లేదేం? దాన్ని తిరిగి సంచుల్లోకి తోడే పంపులకూ ఏటీపీ అందదు. కాల్షియం బయటే ఉండిపోయి తీగ మీది ట్రోపోనిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటేనే, తీగను కప్పి ఉంచే ట్రోపోమయోసిన్ పక్కకు జరిగి, తల అంటుకునే చోటు తెరుచుకుంటుంది.

కొసపాదం: ఏటీపీని ‘ఏటిపీ’ చేశారు. గణం కోసం దీర్ఘం కోసేయడం ఈ కవిగారికి అలవాటే. పైగా ‘అపుడె’ ఎలా నప్పుతుంది? ప్రాణం పోగానే కండలు ముందు సడలుతాయి. రెండు మూడు గంటలకు కనురెప్పల్లో, దవడలో బిగుతు తెలుస్తుంది. ఒళ్ళంతా కొయ్యబారడానికి సుమారు 12 గంటలు. ఆ తర్వాత ప్రోటీన్లు చివికి మళ్ళీ సడలుతుంది.

శల్యపరీక్ష: ‘అపుడె’ అంటే వెంటనే అని కాదు, అప్పుడు మాత్రమే అని. పాదం నాది కాదు, నిర్వాహకులది. కోపం అటు చూపండి.

తీగబొమ్మ: నాదొక విరుపు.
కండ త్రోయ లేదు, కట్టి లాగును గాని,
యెముకఁ దనదు వైపె యీడ్చు చుండు;
పిడికిలి నదె చూడు, ప్రియురాల, నా పంచ
ప్రాణ! ముడిగినపుడె పట్టు హెచ్చు.

గురులఘువు: ‘ముడుగు’ను బయటికి లాగారు! ఉడగడం కాస్తా ముడుచుకోవడం అయింది, చావు పాదం సరసమైపోయింది. కానీ ‘పంచప్రాణ’ సమాసం. ‘ప్రా’ ముందున్న ‘చ’ గురువు. తగణం అనుకున్నది మగణమైంది. ‘ప్రియురాల, నీవె నా’ అంటే సరిపోతుంది.

తీగబొమ్మ: ధన్యవాదాలండీ, సవరిస్తాను.

కొసపాదం: గణం సరే, విషయం? మణికట్టును అరచేతి వైపు పూర్తిగా వంచి పిడికిలి బిగించండి, వేళ్ళు సగంలో ఆగుతాయి. వేళ్ళు ముడిచే కండలు ముంజేతిలో ఉన్నాయి, వాటిని ఎముకకు కట్టే తాళ్ళు, అంటే టెండాన్లు, మణికట్టు దాటి వస్తాయి. కండ అక్కడే ముడిగిపోతే ఇక లాగడానికి పొడవు మిగలదు. వెనకవైపు కండలేమో సాగి అడ్డుపడతాయి. మణికట్టు 20–30 డిగ్రీలు వెనక్కి ఉంటేనే గట్టి పట్టు. అందుకే నేను ప్రాణాన్ని ఊపిరిగా తీసుకున్నాను:
ఊపి రాపి నడుము నూతగా నిలిపిన
పొట్ట గోడ బిగియు, బరువు లేచు;
క్షణము సేపు నిటులఁ గంఠంబు మూయంగ
ప్రాణ ముడిగినపుడె పట్టు హెచ్చు.

గురులఘువు: ఊపిరితిత్తుల కిందుండే డయాఫ్రం కిందికి దిగి, పొట్ట చుట్టూ పటకాలా ఉన్న ట్రాన్స్‌వర్సస్ కండ బిగిస్తే, మధ్యలో ఒత్తిడి పెరిగి వెన్నుకు లోపలినుంచి ఊత. ‘క్షణము’ పద్యాన్ని కాపాడింది. ఎక్కువసేపు బిగపడితే రక్తపోటు ఎగిసి కళ్ళు బైర్లు కమ్ముతాయి.

శల్యపరీక్ష: అన్నీ చూశారు, యతి చూడలేదు. రెండో పాదంలో ‘పొ’కు ‘బ’ ఎలా చెల్లుతుంది? వర్గం కలిసింది, అచ్చు కలవలేదు. ‘పలక యగును పొట్ట, బరువు లేచు’ అనండి. నా దీర్ఘం కొలిచిన టేపు తమ పద్యం దగ్గర పొట్టిదైనట్టుంది. పోయిన సమస్య ‘ఎముక లేని చోట నెదిగెఁ గండ’కు, నాలుక ఒకే కండ అని పూరించిందీ వీరే. అందులో ఎనిమిది జతలు: నాలుగు నాలుకలోనే పుట్టి అక్కడే ముగిసేవి, నాలుగు బయటినుంచి వచ్చేవి. బయటివాటిలో జీనియోగ్లాసస్ అనే కండ మొదలయ్యేదే కింది దవడ ఎముక దగ్గర. ఎముక లేనిదెక్కడ?

కొసపాదం: ఆ పూరణను మీరే అభినందించారు. పాత వ్యాఖ్య తెరిచి చూసుకోండి.

శల్యపరీక్ష: అభినందించింది యతిని.