చికాసా ఇళ్లకు వచ్చిన తెల్ల అల్లుళ్లు: ‘ఇల్లరికం’ అనొచ్చా?

ప్రశ్న: అమెరికా తొలి కాపురాల జీవిత కథలు కొన్ని తెలుగులో రాస్తున్నాను. 18వ శతాబ్దంలో జేమ్స్ లోగన్ కోల్బర్ట్ అనే స్కాట్ వంశపు వ్యాపారి, ఇప్పటి మిసిసిపీ రాష్ట్రం ఉత్తర భాగంలో, చికాసా అనే అమెరికా ఆదివాసీ తెగ ఆడవాళ్లను పెళ్లాడి అక్కడే స్థిరపడ్డాడు. ‘ఇల్లరికం వచ్చాడు’ అంటే సరిపోతుందా?

జవాబు: చాలావరకు సరిపోతుందండీ. కాకపోతే మన ఇల్లరికానికి కారణం కావాలి: మగపిల్లలు లేకపోవడమో, పొలం చూసుకునేవాళ్లు లేకపోవడమో. ఊళ్లో కాస్త చులకన కూడా. చికాసాల్లో వంశం తల్లి వైపు నుంచే లెక్క, కాబట్టి పిల్లలు పుట్టుకతోనే అమ్మ వంశం వాళ్లు. కోల్బర్ట్ కొడుకులు విలియం, జార్జ్, లీవై తండ్రి ఇంటిపేరుతోనే చికాసా పెద్దలయ్యారు. నాచెజ్ ట్రేస్ బాట టెనెసీ నదిని దాటే రేవులో బల్లకట్టు నడిపింది ఈ జార్జే. ఇంటిపేరు నాన్నది, వంశం అమ్మది. ఈ మాట ఒక్కటి కథలో ఎక్కడో విడమరిచి చెప్పండి, ‘ఇల్లరికం’ నిక్షేపంగా నిలబడుతుంది.

ఇంకొకరు: మరి భార్య ఆస్తిని ‘స్త్రీధనం’ అనొచ్చాండీ?

జవాబు: నేనైతే ‘ఆవిడ సొంత ఆస్తి’ అంటాను. స్త్రీధనం అనగానే మనవాళ్లకు పుట్టింటివారు పెట్టిన బంగారమే గుర్తొస్తుంది. బెట్సీ లవ్ అనే చికాసా ఆవిడ, అలెన్ అనే తెల్లాయన్ని చికాసా ఆచారం ప్రకారం పెళ్లాడింది. అతని అప్పు కింద ఆవిడ ఆస్తిని జప్తు చేయించాలని అతని దగ్గర సొమ్ము రావలసిన ఫిషర్ అనే ఆయన కోర్టుకెక్కాడు. చికాసా ఆచారంలో భార్య ఆస్తి భార్యదే, మొగుడి బాకీకి అది జవాబుదారీ కాదని మిసిసిపీ పై కోర్టు 1837లో తేల్చింది. పెళ్లయిన ఆడవాళ్ల ఆస్తి హక్కుపై ఆ రాష్ట్రం 1839లో చట్టమే చేసింది. అయితే ఇక్కడ ‘ఆస్తి’ అన్నది టోనీ అనే బానిస మనిషిని. అతని పేరు మాత్రం వదిలేయకండి, దయచేసి.

మరొక్క మాట. ఆ 1837లోనే చికాసాలను ఇప్పటి ఓక్లహోమా వైపు పంపించడం మొదలైంది. అంతకు ముందు అమెరికా ప్రభుత్వంతో కుదిరిన 1832 పాంటొటాక్ ఒప్పందంతో మిసిసిపీ భూములు పోయాయి. దీన్ని ‘వలస’ అని రాయకండి. బతుకుతెరువుకు కాళ్లీడ్చుకుంటూ పోయేవాళ్లది వలస. వీళ్లను ఊళ్లు ఖాళీ చేయించి సాగనంపారు. ‘వెళ్లగొట్టారు’ అనే రాయండి.